బాహూరు చెరువు కట్ట మీద స్కూటర్

సాఫ్ట్‌వేర్ సర్వీస్ మనిషి బాలకృష్ణన్ చెన్నైలో పుదుచ్చేరి బస్సెక్కాడు. పుదుచ్చేరిలో దిగలేదు. దారిలో టీ కోసం బస్సు ఆగినప్పుడు ఇద్దరు మనుషులు అతని భుజం మీద చెయ్యి వేసి, పక్కనే ఉన్న జీపులో మర్యాదగా కూర్చోబెట్టారు. బస్సు మళ్ళీ కదిలేసరికి అతని సీట్లో వేరే మనిషి ఉన్నాడు. అదే కంపెనీ సంచి, అదే ఐడెంటిటీ కార్డు, అలాంటి కళ్ళజోడే. కార్డు మీద ఫోటో ఒక్కటే మారింది. పక్క సీటాయన నిద్రలో ఉన్నాడు. లేచి చూసినా తేడా తెలిసేది కాదు.

ఆ మనిషి పేరు ముకుందన్. ఇండియన్ సీక్రెట్ ఏజెంట్. అతనికి ఆ పని ముందురోజే అప్పగించారు.

అప్పగించింది లోగనాయకి. పుదుచ్చేరి బీచ్ రోడ్డు వెనక వీధిలో ఆమె ఆఫీసు. బయట చేపల గణాంకాల శాఖ అని బోర్డు ఉంటుంది. లోపల ఒక్క చేప లెక్క కూడా ఉండదు. ఆమె ముఖంలో నవ్వు ఎవరూ చూడలేదు. చూశామని చెప్పుకున్నవాళ్ళు ఆ ఆఫీసులో ఎక్కువ కాలం లేరు.

ఆమె విషయం తొందరగా చెప్పింది. హెన్రిక్ అనే విదేశీయుడు సముద్ర పరిశోధన కంపెనీ పేరుతో ఈ ఊళ్ళో మకాం పెట్టాడు. మన నేవీ రహస్యంగా ఉంచిన సముద్రం అడుగు పటాలు దొంగిలించి ఒక డిస్కులో పెట్టాడు. ఆ డిస్కు కురుచికుప్పం ఒడ్డున ఒక పడవలో ఉంది. పడవ సముద్రంలోకి పోయి పెద్ద ఓడకు దాన్ని అందించాలి. ఇచ్చే చెయ్యీ పుచ్చుకునే చెయ్యీ కలిసినప్పుడు కోస్ట్ గార్డ్ పట్టుకోవాలి. ఒడ్డునే పట్టుకుంటే పడవవాళ్ళు డిస్కును నీళ్ళలో పారేస్తారు, కేసు దాంతోపాటే మునుగుతుంది. హెన్రిక్ ఫోన్ చేసి "వల ఎండింది" అంటేనే పడవ కదులుతుంది. వాడు అనడం లేదు.

"యాల అనడం లేదు?" అని అడిగాడు ముకుందన్.

"వాని మనుషుల్లో మన పిల్ల ఒకతుంది. చెరువు కట్ట మీద మన ఆఫీసర్‌ని కలిసింది. ఎవడో వీడియో తీసినాడు. దాంట్లో ఆ పిల్ల ముఖం ఉండాదంట. కానీ దువ్వెన పళ్ళలా చీలిపోయి తెలియడం లేదంట. ముఖం తెలిసినాకే వాడు ఫోన్ తీస్తాడు."

తనకు వీడియో సాఫ్ట్‌వేర్ అమ్మిన చెన్నై కంపెనీకి హెన్రిక్ ఫోన్ చేసి మెకానిక్‌ను పంపమన్నాడు. ఆ ఫోన్ లోగనాయకి కూడా విన్నది. ముకుందన్ ఒకప్పుడు డిపార్ట్‌మెంట్ వీడియో ల్యాబ్‌లో పని చేశాడు.

"పిల్ల పేరేంది?"

"నీకెందుకు. ఆ ముఖం వాడు చూడకూడదు. చూస్తే సాయంత్రానికి ఆ పిల్ల ఉండదు. నువ్వు కూడా చూడకుంటే ఇంకా మంచిది."

ఆమె బల్ల మీద ఒక చిన్న డాంగిల్ పెట్టింది. సాఫ్ట్‌వేర్‌కు తాళంలా కంప్యూటర్ వెనక గుచ్చే బిళ్ళ అది. పైకి అంతే. దాన్ని గుచ్చి కీబోర్డు మీద రెండు మీటలు కలిపి నొక్కితే హార్డ్ డిస్కంతా చెరిగిపోతుంది. వాడు ముఖం కనిపెట్టే దాకా వస్తేనే నొక్కమంది. నొక్కితే పిల్ల బతుకుతుంది, పడవ మాత్రం కదలదు. రెండూ కావాలంటే నీ చేతిపని చూపించు అన్నది. టీ ఇవ్వలేదు.

మేట్టుపాళయం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో, సబ్బుల గోడౌన్ వెనక, రేకుల షెడ్డు ఒకటి. వాకిట్లో కాళియప్పన్ అనే మనిషి కూర్చున్నాడు. తలుపంత ఉన్నాడు. ముకుందన్ జేబులు తడిమి, సంచి బోర్లించి, టిఫిన్ డబ్బాలో వేలుపెట్టి పెరుగన్నం కలిపి చూశాడు. వేలు ముకుందన్ చొక్కాకే తుడుచుకున్నాడు.

లోపల ఏసీ గది. పెంటియం ఫోర్ మిషన్, రెండు మానిటర్లు. కుర్చీలో చిన్నదురై. నలభై ఏళ్ళ మనిషి, మెడలో బంగారు గొలుసు, చూపుడు వేలికి సిగరెట్ మచ్చ. ఊళ్ళో పెళ్ళి వీడియోలు తీసేవాడు. హెన్రిక్ డబ్బిచ్చాక రేవును, నేవీ బోట్లను కూడా తీస్తున్నాడు. మెకానిక్ వచ్చాడంటే తన పనితనం చాలలేదని అర్థం. ఆ కోపం కళ్ళలో పెట్టుకునే కూర్చున్నాడు.

కిటికీ దగ్గర హెన్రిక్. సన్నగా, పొడుగ్గా, ఎండకు కమిలిన మెడ. కుడి చేతి ఉంగరం మీద రెండు చేపలు, ఒకదాని తోక ఒకటి కరుచుకుని ఉన్నాయి. నడుము దగ్గర చొక్కా ఉబ్బెత్తుగా ఉంది.

అతని పక్కన ఒక ఆడది. జనని అని పరిచయం చేశాడు. చెన్నై ఆఫీసు చూసే మేనేజర్. ఆ పొద్దునే వచ్చింది. నల్ల కళ్ళద్దాలు తలమీదికి తోసి, పొగాకు రంగు చీర కట్టి, సెంటు వాసన ముందు పంపి తను తర్వాత వచ్చే రకం. ఆమె ముకుందన్‌ను కాలిబూట్ల నుంచి మొదలుపెట్టి చూసింది. బూట్లు దాటి పైకి రావడం అవసరం అనుకున్నట్టు లేదు.

హెన్రిక్ ఇంగ్లీషులో చెప్పాడు. సాయంత్రం లోపల ముఖం కావాలి. మెకానిక్ సెట్టింగులు మాత్రమే ముట్టుకోవాలి. ఫైళ్ళు ముట్టుకునేది చిన్నదురై ఒక్కడే. ఈ గదిలోంచి ముఖం తెలిసేదాకా ఎవరూ బయటికి పోరు.

ముకుందన్ డాంగిల్ తీసి మిషన్ వెనక గుచ్చబోయాడు. చిన్నదురై మణికట్టు పట్టుకున్నాడు. డాంగిల్ లాక్కుని, తిప్పి చూసి, కాళియప్పన్ వైపు విసిరాడు. అతను దాన్ని తీసుకుపోయి బయట నీళ్ళ డ్రమ్ములో వేశాడు. చప్పుడు వినిపించింది.

"నా మిషన్‌కి నా తాళం ఉండాది. నీ కంపెనీ తాళం నీ ఇంటికి వేసుకో" అన్నాడు చిన్నదురై. తమిళంలో మొదలుపెట్టి తెలుగులో ముగించాడు. కోపమొస్తే అందరికీ ఇంటి భాషే వస్తుంది.

ముకుందన్ కూడా తెలుగులోనే అడిగాడు. "మీది యా ఊరు అన్నా?"

"నీకు పిల్లనిచ్చే ఊరు కాదు. పని చూడు."

ముకుందన్ కూర్చున్నాడు. గుచ్చడానికి ఏమీ లేదు. మౌస్ ఒక్కటే మిగిలింది.

ప్రాజెక్ట్ తెరిచాడు. ఒక్క నిమిషం అతనికి ఏం చూస్తున్నాడో అర్థం కాలేదు. తెర మధ్య గుండె ఆకారం. ఆ గుండెలో బాహూరు చెరువు కట్ట. కట్ట మీద స్కూటర్ తోలుతున్న ఆడది, వెనక వరి పొలాలు. పైనుంచి గులాబీ రేకులు రాలుతున్నాయి. కింద బంగారు అక్షరాలతో వధూవరుల పేర్లకు ఖాళీ.

చిన్నదురై ఏ కొత్త పని మొదలుపెట్టినా పాత పెళ్ళి ప్రాజెక్టునే కాపీ చేసుకుంటాడు. ఆ ఊళ్ళో అందరూ అంతే. పూలు, గుండెకాయలు ముందే ఉంటాయి, క్లిప్పు మార్చుకుంటే చాలు. గూఢచర్యానికి కూడా అదే వాడాడు. రెండు రోజులుగా రెండర్, అంటే మిషన్ వీడియోను కూర్చి తయారుచేసే పని, చివరిదాకా పోయి చచ్చిపోవడానికి కారణం ఆ రేకులే. ఒక్కో రేకు వీడియో మీద ఒక్కో పొర. డిస్కులో టెంపరరీ ఫైళ్ళకు చోటు లేదు.

ముకుందన్ ఆ విషయం హెన్రిక్‌కు చెప్పాడు. హెన్రిక్ ముఖం కదలలేదు. జనని మాత్రం నవ్వింది. చిన్నదురై చెవులు ఎర్రబడ్డాయి. రేకులన్నీ తీసేసి, చోటు ఖాళీ చేసి, ముఖం ఉన్న ముక్కకు రెండర్ నొక్కితే చివరిదాకా ఆగకుండా పోయింది. హెన్రిక్ మొదటిసారి ముకుందన్‌ను మనిషిలా చూశాడు. నమ్మకం కొంత వచ్చింది. శత్రువు ఒకడు పక్కా అయ్యాడు.

ఇక ముఖం.

టేపు నుంచి మళ్ళీ మిషన్‌లోకి ఎక్కించుకుందామంటే టేపు లేదు. చిన్నదురై టేపులు దాచడు. చెరువు కట్ట టేపు మీద మర్నాడే ఎవరిదో సీమంతం తీసేశాడు. హార్డ్ డిస్కులో ఉన్న క్లిప్పు ఒక్కటే లోకంలో మిగిలింది.

ఆ క్లిప్పులో స్కూటర్ ఎడమ నుంచి కుడికి వస్తుంది. ఆమె ముఖానికి చున్నీ చుట్టుకుని ఉంది. గాలికి ఒక క్షణం చున్నీ లేస్తుంది. ఆ ఫ్రేమ్ ఆపి చూస్తే ముఖం అంచులన్నీ దువ్వెన పళ్ళలా చీలి ఉన్నాయి. ముక్కు రెండు చోట్ల ఉంది.

దానికి కారణం ముకుందన్‌కు తెలుసు. వీడియో కెమెరా ఒక ఫ్రేమ్‌ను రెండు సగాలుగా తీస్తుంది. వాటిని ఫీల్డులు అంటారు, ఆ పద్ధతిని ఇంటర్‌లేసింగ్ అంటారు. ముందు ఒక సగం గీతలు, కళ్ళు మూసి తెరిచేలోపు మిగతా సగం గీతలు. టీవీ వాటిని ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తుంది కాబట్టి కంటికి తెలియదు. కంప్యూటర్ రెండు సగాలనూ ఒకేసారి చూపిస్తుంది. ఆ రెండింటి మధ్య స్కూటర్ కాస్త ముందుకు పోయి ఉంటుంది. అందుకే పళ్ళు. మందు సులువు. ఒక సగాన్ని పారేసి, రెండో సగాన్ని సాగదీస్తే ముఖం వచ్చేస్తుంది.

కాబట్టి ముకుందన్ ఆ పని చెయ్యలేదు. డీఇంటర్‌లేస్ మెనూలోకి పోయి బ్లెండ్ అనేదానికి టిక్కు పెట్టాడు. రెండు సగాలూ కలిసిపోయాయి. పళ్ళు పోయాయి. ముఖం స్థానంలో ఆవిరి పట్టిన అద్దంలాంటిది మిగిలింది. ఇంతకన్నా రాదు, కెమెరా తక్కువరకం అని చెప్పాడు.

చిన్నదురై లేచి వచ్చాడు. కెమెరాను అన్న మాట అతనికి తగిలింది.

"బ్లెండ్ ఎవడు పెట్టమన్నాడు? ఒక ఫీల్డు తీసెయ్. పెళ్ళికూతురు నవ్వు స్టిల్లు మేము అట్టానే తీస్తాం. చెన్నైలో నేర్పలేదా?"

హెన్రిక్‌కు తమిళం కొంచెం వచ్చు, తెలుగు రాదు. ఫీల్డు అనే మాట అర్థమైంది. నడుము మీద చెయ్యి పెట్టి, అలాగే చెయ్యమన్నాడు.

రెండు సగాల్లో ఏది ఉంచాలో ముకుందన్ చేతిలో ఉంది. మొదటి సగంలో చున్నీ పూర్తిగా లేచి ఉంటుంది. రెండో సగంలో మళ్ళీ పడడం మొదలుపెట్టి ఉంటుందని లెక్కేశాడు. రెండోది ఉంచాడు. లెక్క తప్పలేదు. పెదవుల మీదుగా చున్నీ పడుతోంది. ఒక కన్ను, నుదుటి మీద జుట్టు. ఆ కన్ను ఎవరిదైనా కావచ్చు.

హెన్రిక్ తెర దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు. తర్వాత జనని ముఖం చూశాడు. తర్వాత మళ్ళీ తెర. ఆమె ఆవులించింది.

"ఈడు ఊరికే కాలయాపన చేస్తా ఉండాడు సార్" అని చిన్నదురై తమిళంలో హెన్రిక్‌కు చెప్పాడు. కంప్యూటర్ వద్దు, క్లిప్పును నేరుగా పెద్ద టీవీ మీద వేద్దాం, టీవీలో పళ్ళు ఉండవు, స్లోగా నడిపితే ముఖం అదే దొరుకుతుంది అన్నాడు. అతను చెప్పింది నిజం. అదే ముకుందన్‌కు కష్టం.

చిన్నదురై, కాళియప్పన్ పక్క గదిలోని టీవీ తేవడానికి పోయారు. హెన్రిక్‌కు ఫోన్ వచ్చింది. పడవవాడు. గాలి మారుతోంది, పొమ్మంటారా వద్దా అని అడుగుతున్నాడు. హెన్రిక్ కిటికీ వైపు తిరిగి, ఆగమని చెబుతున్నాడు. ముకుందన్ ఆ సందులో క్లిప్పును ముఖం దాటి ముందుకు జరిపాడు. ఆ తర్వాత భాగం ఇంతవరకు ఎవరూ చూసినట్టు లేదు.

స్కూటర్ ఆగింది. చెట్టు కింద నిలబడ్డ ఆఫీసర్ చెయ్యి చాపాడు. ఆమె ఏదో ఇవ్వబోయింది. సరిగ్గా అక్కడ కెమెరా ఆ ఇద్దర్నీ వదిలేసి, కిందికి దిగి, ఆమె మణికట్టు మీదికి జూమ్ అయింది. అక్కడే నిలబడిపోయింది. తెర నిండా ఒక కడియం. తెల్లలోహం. రెండు చేపలు, ఒకదాని తోక ఒకటి కరుచుకుని. కలిసేచోట చిన్న మర. అందులో స్క్రూడ్రైవర్ పట్టే గాడి కూడా కనిపిస్తోంది.

పళ్ళు లేవు. మసక లేదు. ఇంటర్‌లేసింగ్ కదిలేదాన్నే పాడుచేస్తుంది. ఆగి ఉన్నదాన్ని ఏమీ చెయ్యలేదు. బ్లెండ్ పెట్టినా, ఏ సగం పారేసినా ఆ కడియం అలాగే ఉంటుంది.

ముకుందన్ తల ఎత్తలేదు. కుర్చీ వీపు మీద ఒక ఆడచెయ్యి ఆనుకుని ఉంది. ఆ చేతికి అదే కడియం. హెన్రిక్ తన మనిషికి తన చేతులతో మర బిగించి, స్క్రూడ్రైవర్ తన దగ్గర ఉంచుకున్నాడన్నమాట. ఆమె తియ్యాలనుకున్నా రాదు.

జనని కూడా తెర చూసింది. చెయ్యి తియ్యలేదు. వేళ్ళు మాత్రం కుర్చీ గుడ్డలోకి దిగాయి.

ముకుందన్ క్లిప్పును వెనక్కి జరిపాడు. చెరపడం అతనికి నిమిషం పని. కానీ ఫైలు ముట్టుకుంటే చిన్నదురై అడుగుతాడు. చిన్నదురై అడగకూడదంటే చెరిపేది చిన్నదురై అయ్యుండాలి.

టీవీ చక్రాల బల్ల మీద వచ్చింది. పాతకాలపు లావు టీవీ, ఇద్దరు నెట్టాల్సి వచ్చింది. కాళియప్పన్ వాకిలికి పోయాడు. చిన్నదురై వైర్లు తగిలించి మిషన్ దగ్గర కూర్చున్నాడు. హెన్రిక్ ఇంకా ఫోన్లో ఉన్నాడు. ముకుందన్ గొంతు పెంచకుండా, తగ్గించకుండా తెలుగులో అన్నాడు.

"అన్నా, వెయ్యకముందు క్లిప్పు తోక ఒకసారి చూసుకో. నిన్ను ఏం తియ్యమన్నారు?"

"ఆడది ఆ మనిషికి ఏమిస్తుందో అది."

"నువ్వు తీసింది ఏందో చూడు."

చిన్నదురై వెటకారంగా మౌస్ జరిపాడు. క్లిప్పును మిషన్‌లోకి ఎక్కించేటప్పుడు అతను ఎప్పుడూ దగ్గర కూర్చోడు, టీకి పోతాడు. తర్వాత ముఖం దొరికిన చోటే ఆపుకున్నాడు. తోక ఇప్పుడే చూస్తున్నాడు. కడియం తెర నిండా నిలబడింది. ఇచ్చిన వస్తువూ లేదు, పుచ్చుకున్న చెయ్యీ లేదు.

అతని నోరు కొంచెం తెరుచుకుంది. ఇరవై ఏళ్ళుగా పెళ్ళిళ్ళు తీసిన చెయ్యి అది. నగలు సరిగ్గా కనపడలేదని ఆడపెళ్ళివాళ్ళు క్యాసెట్ మొహాన కొట్టిన అనుభవం ఆ చేతికి ఉంది. ఆడమనిషి చెయ్యి చాపితే అది నగ మీదికే పోతుంది. బుర్రను అడగదు.

"ఇది దొర చూసినాడంటే," అన్నాడు ముకుందన్, "దేశం రహస్యం వదిలేసి గాజు తీసినావని అంటాడు. నేను చూడలేదు. నీ ఇష్టం."

చిన్నదురై కిటికీ వైపు చూశాడు. హెన్రిక్ వీపు కనిపించింది. వేళ్ళు త్వరగా కదిలాయి. ముఖం తర్వాతి భాగాన్ని కోశాడు. మిగతాది కొత్త ఫైలుగా రాయించాడు. పాత ఫైలు చెరిపాడు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. నుదురు తడిసింది.

హెన్రిక్ ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగాడు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకోవడం అప్పటికే కిటికీ అద్దంలో చూశాడు. తుపాకీ బయటికి వచ్చింది. తొందరేమీ లేదు, సిగరెట్ పెట్టె తీసినట్టు తీశాడు. ఇద్దరూ ఏ భాషలో ఏం మాట్లాడుకున్నారని జననిని అడిగాడు. ఆమెది కూడా ఈ ఊరే, తెలుగు వచ్చు అని అతనికి తెలుసు. మాట మాట చెప్పమన్నాడు.

జనని కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడిచింది. ఇంగ్లీషులో, విసుగ్గా చెప్పింది. ఈ పెళ్ళి కెమెరా మనిషి మెకానిక్‌ను బతిమాలుకుంటున్నాడు. వెంబడించమన్న అసలు స్కూటర్ బాహూరు దగ్గరే తప్పిపోయిందట. ఇంకెవరో స్కూటర్ మీద పోతుంటే అది తీసుకొచ్చి ఇచ్చాడట. పొలానికి కూడు తీసుకుపోయే ఎవరో ఆడది. కట్ట మీద ఆగి తన మనిషికి డబ్బా ఇచ్చింది. అది బయటపడకుండా మిగతా వీడియో చెరిపేశాడట. ఇన్నాళ్ళూ మీరు ఎవరి ముఖం కోసం పడవ ఆపారో చూసుకోండి.

చిన్నదురైకి ఇంగ్లీషు కొంచెమే వచ్చు. ఆ కొంచెం చాలు. అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఈమె ఎందుకు అబద్ధం చెబుతోంది. చూపు కిందికి జారింది. తుడుస్తున్న చేతి దగ్గర ఆగింది. అక్కడ రెండు చేపలు.



హెన్రిక్ తుపాకీ గొట్టం చిన్నదురై గొలుసు మీద ఆనించాడు. ఆమె చెప్పింది నిజమా అని తమిళంలో అడిగాడు.

చిన్నదురై లెక్క వేసుకున్నాడు. కడియం మాట చెబితే ఆమె చస్తుంది. కానీ హెన్రిక్ రుజువు అడుగుతాడు. రుజువును చెరిపింది ఎవరని అడుగుతాడు. ఆ లెక్క అతని కళ్ళలో తిరగడం ముకుందన్ చూశాడు. తిరగడం ఆగేలోపు ఒక్కమాట వేశాడు.

"ఔనని చెప్పు అన్నా. చెరిపిన చెయ్యి నీదే."

మెకానిక్ ఏమన్నాడని హెన్రిక్ జనని వైపు చూడకుండానే అడిగాడు. నిజం ఒప్పుకోమంటున్నాడని ఆమె చెప్పింది. అది మాత్రం సరైన అనువాదమే.

"ఔను సార్," అన్నాడు చిన్నదురై. "తప్పు స్కూటర్."

హెన్రిక్ తుపాకీ తియ్యలేదు. కానీ ఎడం చేత్తో ఫోన్ తీశాడు. గుండెకాయలు, గులాబీ రేకులు, సీమంతం. ఇలాంటివాడు తప్పు స్కూటర్ తీశాడంటే నమ్మడం కష్టం కాదు. పడవవాడికి ఫోన్ కలిసింది. తనకు వచ్చిన వంకర తమిళంలో రెండు మాటలు చెప్పాడు. వల ఎండింది.

చేపల గణాంకాల శాఖలో చెవికి ఫోన్ పెట్టుకుని కూర్చున్న లోగనాయకి ఆ రెండు మాటలు విన్నది. పక్కనున్న వైర్‌లెస్‌లో కోస్ట్ గార్డ్‌కు ఒక్క మాట చెప్పింది. ఆ తర్వాతే లేచి చెప్పులు వేసుకుంది.

షెడ్డులో హెన్రిక్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఇప్పుడు ఈ గదిలో పనికిరాని మనుషులు ఇద్దరున్నారు అన్నాడు. ముందు చిన్నదురైని చూశాడు. తుపాకీ మీద బొటనవేలు కదిలింది.

ముకుందన్ రెండు కాళ్ళూ ఎత్తి టీవీ బల్లను తన్నాడు. చక్రాలు బల్ల కింద గిర్రున తిరిగాయి. ఆ లావు టీవీ హెన్రిక్ మోకాళ్ళకు తగిలి, అతన్ని గోడకు నొక్కి, అతని మీదే పడింది. గుండు పైకప్పు రేకులోంచి పోయింది. తుపాకీ జారి జనని కాళ్ళ దగ్గర పడింది. ఆమె వంగి తీసుకుంది. కడియమున్న చేత్తోనే గురిపెట్టింది.

కాళియప్పన్ లోపలికి వచ్చాడు. తుపాకీ ఎవరి చేతిలో ఉందో చూశాడు. తన జీతం గురించి ఆలోచించినట్టున్నాడు. గుమ్మంలోనే కూర్చుని చేతులు తలమీద పెట్టుకున్నాడు.

"స్క్రూడ్రైవర్ యాడుంది?" అని జనని హెన్రిక్‌ను తెలుగులో అడిగింది. అతనికి అర్థం కాలేదు. రెండోసారి అడగలేదు. జేబులు తనే వెతికింది.

సబ్బుల గోడౌన్‌లో కాచుకుని ఉన్న పోలీసులు వచ్చేసరికి ఆమె కడియం ఊడదీసి హెన్రిక్ ఒళ్ళో పడేసింది. పడవను సముద్రంలో, ఓడ పక్కన, డిస్కు చేతులు మారుతుండగా పట్టుకున్నారని రాత్రికి కబురు వచ్చింది. పోలీసులు వచ్చినప్పుడే ముకుందన్ మానిటర్ ఆపేశాడు. ఆ పిల్ల ముఖం తను చూడకుంటే మంచిదన్న మాట గుర్తొచ్చి, లోగనాయకి వచ్చేలోపు వెనక దారిన పోయి పెరుగన్నం డబ్బా కడుక్కున్నాడు.

చిన్నదురై ప్రాణం దక్కింది. లోగనాయకి ఆఫీసులో స్టేట్‌మెంట్ రాసుకున్నారు. రేవును తీశాను, ఒప్పుకున్నాడు. నేవీ బోట్లను తీశాను, ఒప్పుకున్నాడు. విదేశీయుడి దగ్గర డబ్బు పుచ్చుకున్నాను, దానికీ తల ఊపాడు. చదివి వినిపించి సంతకం పెట్టమంటే పెన్ను కింద పెట్టేశాడు. ఒక వాక్యం తప్పుగా ఉందన్నాడు.

ఏ వాక్యం అని లోగనాయకి అడిగింది.

"తప్పు స్కూటర్ తీసినానని రాసినారు. అట్ట కాదు. నేను తీసింది సరైన స్కూటరే. అది దిద్దండి."

దిద్దితే కేసు ఇంకా గట్టిపడుతుందని, మన ఏజెంట్‌ను పట్టించాలని చూసినందుకు శిక్ష పెరుగుతుందని ఆమె రెండుసార్లు విడమరచి చెప్పింది. అతను వినిపించుకోలేదు. దిద్దాక ఇంకో వాక్యం కూడా చేర్పించాడు. కడియం క్లోజప్‌లో ఫోకస్ పక్కాగా ఉంది అని. దానికి సాక్షిగా మెకానిక్ బాలకృష్ణన్‌ను పిలిపించమన్నాడు.

లోగనాయకి ముఖంలో నవ్వు వచ్చిందని తలుపు చాటున నిలబడ్డ ముకుందన్‌కు అనిపించింది. అతను ఆ విషయం ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగం ఇంకా చెయ్యాలి.